వైజాగ్‌లో కైట్ సర్ఫింగ్‌కి ఏది మేలు: ఆర్కే బీచా, రుషికొండా, భీమిలా?

బీచ్ ఎంచుకునేటప్పుడు చాలామంది ఇసుక శుభ్రంగా ఉందా, బండి పెట్టుకోవడానికి చోటుందా అని చూస్తారు. కైట్ సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లలో సాగడం, కాబట్టి కైట్ వేసేవాళ్లు ముందు చూడాల్సింది గాలి ఎటు నుంచి ఎటు పోతోంది, పట్టు తప్పితే అది మనల్ని తీసుకెళ్లి ఎక్కడ పడేస్తుంది అని. వైజాగ్ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు హార్బరు, డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమచేతి వైపు భీమిలి. ఎండాకాలం మధ్యాహ్నాలు వీచే నైరుతి గాలి ఒడ్డు వెంబడే కుడి నుంచి ఎడమకి పోతుంది, అందులో దక్షిణం కాస్త కలిస్తే మనల్ని నెమ్మదిగా ఒడ్డు వైపు కూడా తోస్తుంది, మనకి కావాల్సింది అదే. గాలి పడమటికి తిరిగినా, చలికాలం పొద్దున్నే నేల మీంచి నీళ్లలోకి వీచినా మాత్రం ఎంత మంచి బీచ్ అయినా కైట్ సంచి విప్పొద్దు. ఆ గాలిలో ఏ చిన్న తేడా వచ్చినా పోయేది నడిసముద్రంలోకే.

ఆర్కే బీచ్ నా లెక్కలో అసలు పోటీలోనే లేదు. కైట్ లైన్లు, అంటే దాని తాళ్లు, ఇరవై నుంచి పాతిక మీటర్ల పొడవుంటాయి, లేపేటప్పుడు కింద గాలి వైపు, అంటే గాలి పోయే వైపు, కనీసం యాభై మీటర్లు ఖాళీగా ఉండాలి. అక్కడ సాయంత్రం యాభై అడుగుల ఖాళీ కూడా దొరకదు. వెనకే రోడ్డు, గోడ, దీపస్తంభాలు, సబ్‌మెరైన్ మ్యూజియం చుట్టూ జనం, ముంతమసాలా బళ్ల దగ్గర పిల్లలు. నీళ్లు చూస్తే అడుగు అడుగుకీ లోతు, ఏటా ఎంతమందిని లాక్కుపోతోందో ఊళ్లో అందరికీ తెలుసు. ఇంకో సంగతి, అక్కడి నుంచి నైరుతి గాలి ఎటు తోస్తుందంటే లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, ఆ తర్వాత తెన్నేటి పార్కు కింద రాళ్లు. 2020 అక్టోబరులో వాయుగుండం రోజుల్లో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఎక్కింది ఆ రాళ్ల మీదికే. అంత ఓడనే తెచ్చి అక్కడ పెట్టిన సముద్రానికి మనిషి ఒక లెక్కా?

డాల్ఫిన్స్ నోస్ అవతలి యారాడ బీచ్ అందంగా ఉంటుంది, కాదనను. మూడు వైపులా కొండలు కాబట్టి గాలి వాటి మీంచి దిగి ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక నిమిషం కైట్ నిలబడదు, మరుసటి నిమిషం మనిషినే లేపేస్తుంది. పైగా పక్కనే నేవీ. వదిలేయండి.

రుషికొండ విషయంలోనే నాకు ఎప్పుడూ ఊగిసలాట. బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్, లైఫ్‌గార్డులు ఉంటారు, నీటి ఆటలకి అలవాటు పడిన చోటు, ఏదైనా అయితే నలుగురు పరిగెత్తుకొస్తారు, ఆ ధైర్యం చిన్నది కాదు. కానీ బ్లూ ఫ్లాగ్ చూసేది నీటి శుభ్రత, సదుపాయాలు, ఒడ్డున భద్రత. మీ కైట్‌కి గాలి సరిగ్గా వస్తుందా లేదా దానికి సంబంధం లేదు. పక్కనే కొండ, కొండ అంచున రాళ్లు, కాబట్టి గాలి కొండ మీంచి వచ్చే రోజు వద్దు. రిప్ కరెంట్లు, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు, కూడా ఉన్నాయి. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కొంచెం మట్టి రంగులో, నురుగు లోపలికి పోతూ కనిపిస్తే అదే రిప్. కొత్తవాళ్లు ఆ నున్నటి చోటే మంచిదనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. సెలవులు, ఆదివారాలు పక్కన పెట్టి, మామూలు రోజు జనం లేని చివర అయితే రుషికొండ ఫరవాలేదు.

కాస్త చేయి తిరిగినవాళ్లకి నా ఓటు భీమిలి దారికే. ఊరికి ఇవతలే, అంటే వైజాగ్ వైపు, పొడవాటి ఖాళీ ఇసుక చూసుకోవాలి, ఎందుకంటే నైరుతి గాలికి ఊరి బోట్లు, ఆ తర్వాత గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు మన కింద గాలి వైపే పడతాయి. నది నోటి దగ్గర ప్రవాహం ఎటు లాగుతుందో చెప్పలేం, దానికి దగ్గర్లో మొదలుపెట్టకండి. ఇంకా దారిలో మంగమారిపేట దగ్గర రాళ్లున్నాయి, ఆటు సమయంలో కనిపించేవి పోటు వచ్చాక మునిగిపోతాయి, కాబట్టి ఒకసారి నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి చూసుకుంటే మంచిది. ఇక అలివి వల, అంటే ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద చేపల వల, లాగే చోట్లు. వల తాళ్లు ఒడ్డు నుంచి నీళ్లలోకి చాలా దూరం పోతాయి, దూరం నుంచి కనపడవు, బోర్డు అడుగున ఉండే ఫిన్ తగిలితే మనకీ నష్టం, ఆ రోజు వాళ్ల కూడూ పోతుంది. దిగే ముందు అక్కడి పెద్దాయన్ని ఎవర్నైనా "ఈ రోజు వల ఎక్కడేస్తున్నారు బాబాయ్?" అని అడగండి, గాలి ఎప్పుడు తిరుగుతుందో కూడా ఆయనే చెప్తాడు, మీ ఫోన్‌లో యాప్ కంటే నమ్మకంగా.

అసలు కొత్తగా నేర్చుకునేవాళ్లయితే ఈ మూడింట్లో ఏదీ వద్దు, రామేశ్వరం వెళ్లండి. అక్కడ కైట్ సర్ఫింగ్ నేర్పే స్కూలు ఉంది, దీవి కాబట్టి ఎండాకాలం దక్షిణపు గాలికి ఒక వైపు, చలికాలం ఉత్తరపు గాలికి ఇంకో వైపు దిగొచ్చు, నీళ్లు చాలా చోట్ల నిలబడేంత లోతే, అలలు పెద్దగా ఉండవు. పడి లేవడం, ఆపదలో కైట్‌ని వదిలించే క్విక్ రిలీజ్ కళ్లు మూసుకుని లాగడం, నీళ్లలో కైట్ మళ్లీ లేపడం, ఒడ్డుకి తిరిగి రావడం అక్కడ వచ్చేస్తే, ఆ తర్వాత మన అలల్లోకి రండి.

వచ్చాక కూడా ఒంటరిగా వద్దు. ఒడ్డున ఒక మనిషి ఫోన్ పట్టుకుని ఉండాలి, నేవీ ఉన్న తీరం కాబట్టి దగ్గర్లోని మెరైన్ పోలీసులకి ముందే ఒక మాట చెప్పి, ఎక్కడ వద్దంటారో కనుక్కుని దిగాలి.