గుంపు చంపితే హంతకుడెవరు? సెక్షన్ 3(5)కీ 190కీ తేడా

గుంపులో ఒకరు చేసిన హత్యకు మిగతావాళ్లనూ బాధ్యుల్ని చేయడానికి, ఐపీసీ (పాత శిక్షా స్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రెండు దారులున్నాయి. పాత ఐపీసీలో 34, 149 సెక్షన్లంటే చాలామందికి గుర్తొస్తాయి.

మొదటిది ఉమ్మడి ఉద్దేశం, ఇప్పుడు 3(5). ఇద్దరున్నా చాలు. కానీ మనసు కలవాలి, పనిలో ఏదో ఒక పాత్ర ఉండాలి. బ్రిటిష్ హయాంలో కలకత్తా పోస్టాఫీసులో డబ్బు లెక్కపెట్టుకుంటున్న పోస్టుమాస్టర్‌ని కాల్చి చంపారు. నేను బయటే నిలబడ్డానన్నాడు నిందితుడు. అప్పట్లో చివరి అప్పీలు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ వినలేదు. కాపలా కాయడం కూడా పాత్రే మరి!

రెండోది ఉమ్మడి లక్ష్యం, అంటే 190. దీనికి కనీసం ఐదుగురు కావాలి. చెయ్యి చేసుకున్నాడని చూపక్కర్లేదు, చట్టవిరుద్ధ సమూహంలో సభ్యుడైతే చాలు. హత్య ఆ లక్ష్యంలో భాగమో, జరగొచ్చని సభ్యులకు తెలిసిందో అయ్యుండాలి. ప్రాసిక్యూషన్‌కి ఇదే సులువు, అమాయకుడికి ఇదే ప్రమాదం. గొడవేంటో చూద్దామని ఆగినవాడు సభ్యుడు కాడు. అయితే వందమందిలో ఆ తేడా తేల్చాల్సింది సాక్షులే. అందుకే 1964లో మసాల్తీ కేసులో సుప్రీంకోర్టు ఒక్క సాక్షి మాటతో సరిపెట్టలేదు.

కులం, భాష, నమ్మకం వంటి కారణాలతో ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి చంపితే 2024 జూలై 1 నుంచి ఇదే సంహితలో సెక్షన్ 103(2) విడిగా ఉంది. ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం, పైన జరిమానా.