జూకీపర్ లాక్: ఏళ్ల తరబడి వాడాక

మా దగ్గర లెక్కలు సరిచూసే జాబ్ చాలా సర్వర్లలో సిద్ధంగా ఉంటుంది. కానీ ఒకసారికి ఒక్కటే నడవాలి. లేకపోతే ఒకే ఎంట్రీ రెండుసార్లు పడుతుంది. ఆ పని చేసే హక్కును, అంటే లాక్‌ను, ఒకసారికి ఒక్కరికే ఇవ్వడానికి ఏళ్లుగా అపాచీ జూకీపర్‌ను (సర్వర్ల మధ్య సమన్వయం చూసే సాఫ్ట్‌వేర్), జావా ప్రోగ్రామ్‌ల నుంచి దాన్ని వాడుకోవడానికి క్యూరేటర్ లైబ్రరీని వాడుతున్నాం.

ముందు నచ్చినది. లాక్ కావాలన్న ప్రతి క్లయింటూ జూకీపర్‌లో ఒక తాత్కాలిక నోడ్ (చిన్న రికార్డు లాంటిది) పెడుతుంది, జూకీపర్ దానికి వరుస నంబరు తగిలిస్తుంది. అందరికన్నా చిన్న నంబరు ఎవరిదో లాక్ వాళ్లది. మిగతావాళ్లు తమకు సరిగ్గా ముందున్న నోడ్‌నే గమనిస్తుంటారు కాబట్టి లాక్ వదలగానే అందరూ ఎగబడరు. పట్టుకున్న సర్వర్ పడిపోయినా సెషన్ (జూకీపర్‌తో దానికున్న బంధం) గడువు తీరాక నోడ్ దానంతటదే పోతుంది. సర్వర్లు తమలో తామే సందేశాలు పంపుకుని లాక్ తేల్చుకునే 1981 నాటి రికార్ట్-అగ్రవాల పద్ధతిలో అయితే అందరి అనుమతీ కావాలి, ఒక్కరు పలకకపోయినా పని ఆగినట్టే. ఇక్కడ ఐదు జూకీపర్ సర్వర్లలో రెండు పోయినా నడుస్తుంది.

ఇక అసలు చిక్కు. లాక్ తన దగ్గరే ఉందని ప్రోగ్రామ్ అనుకోవడం వేరు, నిజంగా ఉండటం వేరు. జావా మెమరీ శుభ్రం చేసుకుంటూ కాసేపు బిగుసుకుపోయిందంటే ఈలోగా గడువు తీరి లాక్ ఇంకొకరికి వెళ్తుంది. తేరుకున్న మొదటి ప్రోగ్రామ్‌కు ఆ కబురు ఇంకా చేరదు, ఏమీ జరగనట్టు డేటాబేస్‌లో రాసేస్తుంది. గడువు పెంచుదామంటే, సర్వర్ నిజంగా పడిపోయినప్పుడు అందరూ అంతసేపూ ఎదురుచూడాలి. జూకీపర్ కాలం కొలిచే మూల ప్రమాణమైన టిక్‌ను 2 సెకన్లుగా పెడితే, వేరే సెట్టింగులు మార్చనంతవరకు గడువు 4 నుంచి 40 సెకన్ల మధ్యే ఉంటుంది. ఎక్కడ పెట్టినా టెన్షనే.

దీనికి మందు డేటాబేస్ వైపు ఉంది. లాక్‌తో పాటు పెరుగుతూ పోయే నంబరు ఒకటి తీసుకుని ప్రతి రాతతోనూ పంపాలి. అంతకంటే పెద్ద నంబరు అప్పటికే చూసి ఉంటే డేటాబేస్ ఆ రాతను తిప్పికొట్టాలి. నోడ్ పేరు చివరి వరుస నంబరు చాలదా అనిపిస్తుంది. చాలదు. ఈ నోడ్‌లన్నీ ఉండే పై నోడ్‌ను క్యూరేటర్ మామూలుగా కంటెయినర్ రకంగా పెడుతుంది. లోపల ఏమీ మిగలకపోతే జూకీపర్ దాన్ని తీసేస్తుంది, మళ్లీ పుట్టాక లెక్క సున్నా నుంచి మొదలు! నోడ్ పుట్టినప్పటి లావాదేవీ నంబరు, అంటే సీజెడ్ఎక్స్ఐడీ, వాడండి. అది వెనక్కి పోదు.

క్యూరేటర్ ‘సస్పెండెడ్’ (కనెక్షన్ తెగింది) అనగానే పని ఆపెయ్యండి, ‘లాస్ట్’ (సెషన్ పోయింది) వచ్చేదాకా చూడొద్దు.

క్యాష్ (వేగం కోసం దగ్గర ఉంచుకునే డేటా కాపీ) నింపడం లాంటి పని రెండుసార్లు జరిగినా నష్టం లేదు, అలాంటివాటికి ఇంత సరంజామా దండగ. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎలాగూ ఉంటే దాని అడ్వైజరీ లాక్‌తో (ప్రోగ్రామ్‌లు తమ అవసరానికి అడిగి తీసుకునే లాక్) సరిపెట్టుకోవచ్చు, అదనపు సర్వర్లను సాకే పని తప్పుతుంది.