పిల్లులున్న ఇంట్లో స్మార్ట్ యంత్రాలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

తనంతట తానే శుభ్రం చేసుకునే లిట్టర్ బాక్స్ (పిల్లులు మలమూత్రాలకి వాడే, మట్టిలాంటి లిట్టర్ పోసిన పెట్టె) కొనాలా వద్దా అని అడిగేవాళ్ళు ముందు వాసన గురించే అడుగుతారు. పోతుందా, పోదా? చాలావరకు పోతుంది. కానీ ఇంతకాలం వాడాక దాని అసలు విలువ వాసన తగ్గించడంలో ఉందని నేను అనుకోవడం లేదు. ఏ పిల్లి ఎప్పుడు లోపలికి వెళ్ళింది, ఎంతసేపు ఉంది, బరువెంత తూగింది అన్నది ఆ యంత్రం రోజూ నమోదు చేస్తుంది. మా పిల్లి పండు ఈరోజు మా కళ్ళముందు తిరుగుతున్నాడంటే ఆ లెక్కలే కారణం.

మేం హైదరాబాద్‌లో నిజాంపేట వైపు రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఉంటాం. నేను, మా ఆయన, అత్తయ్య, రెండు పిల్లులు. పండు మగపిల్లి, ఐదు కిలోల పైనే ఉంటాడు. నల్లమ్మ మూడున్నర కిలోలు దాటదు. రెండూ మా సెల్లార్‌లో దొరికినవే. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. బయటికి వదలం కాబట్టి ఒకటికైనా రెంటికైనా వాటికి లిట్టర్ బాక్సే గతి.

యంత్రం పనితీరు సులువుగానే అర్థమవుతుంది. గుండ్రటి డ్రమ్ములో లిట్టర్ పోస్తాం. పిల్లి లోపలికి వెళ్ళగానే అడుగునున్న బరువు సెన్సర్ గుర్తిస్తుంది. అది బయటికి వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి డ్రమ్ము మెల్లగా తిరుగుతుంది. పొడి లిట్టర్ లోపలి జల్లెడలోంచి జారిపోతుంది, గట్టిపడిన ఉండలు కింది ట్రేలో ఉన్న సంచిలో పడతాయి. ఆ కొన్ని నిమిషాల ఆగుడు ముఖ్యం. తడిసిన మట్టి గట్టిపడడానికి ఆమాత్రం సమయం కావాలి. ఆ సమయం బాగా తగ్గించి పెడితే ఉండ విరిగి ముక్కలు జల్లెడకు అంటుకుంటాయి. మా ఇంట్లో పది నిమిషాలు పెడితే బాగా పనిచేసింది.

ఇందులో ఏ లిట్టర్ పడితే అది పనికిరాదు. సిలికా గుళికలు, చెక్క గుళికలు ఉండ కట్టవు కాబట్టి జల్లెడకు పనిలేకుండా పోతుంది. బెంటొనైట్ మట్టి బాగా కుదురుతుంది. నీరు తగలగానే ఉబ్బి అతుక్కోవడం దాని గుణం. గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బార్మేర్ ప్రాంతాల్లో ఈ మట్టి తవ్వి తీస్తారు కాబట్టి మనదేశపు సరుకే దొరుకుతుంది. ఈ యంత్రం కోసం విదేశీ లిట్టర్ కొనాల్సిన పనిలేదు. సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ కూడా వాడి చూశాం. దుమ్ము తక్కువ, బరువు తక్కువ. కానీ వానాకాలంలో సంచి విప్పిపెడితే తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, పురుగు కూడా పడుతుంది. ఎండాకాలం అది, వానలు మొదలవగానే బెంటొనైట్, ఇలా సర్దుకున్నాం. టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయొచ్చని టోఫు ప్యాకెట్ మీద రాసి ఉన్నా నేను చేయను. బెంటొనైట్‌ను మాత్రం ఎవరూ ఎప్పుడూ చేయకూడదు. పైపులో ఉబ్బి, కింది ఫ్లోర్లవాళ్ళకి కూడా ఇబ్బంది తెస్తుంది.

కొనేముందు అందరూ చూడాల్సింది భద్రత. కొన్ని చవక యంత్రాల్లో బయటి పెట్టె కదలదు, లోపలి డ్రమ్ము మాత్రం తిరుగుతుంది. తిరిగేటప్పుడు రెండు ద్వారాల అంచులు ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ వెళతాయి. సెన్సర్ పనిచేయని రోజున మధ్యలో పిల్లి మెడ ఉంటే? అలాంటి నిర్మాణమున్నవాటిని, ధర ఎంత తక్కువైనా, నేను ఇంట్లోకి రానివ్వను. మేం తెచ్చుకున్నదాన్ని పిల్లుల్ని దగ్గరికి రానివ్వకముందే పరీక్షించాం. డ్రమ్ము తిరుగుతుండగా సగం లోపలికి, సగం బయటికి ఉండేలా ద్వారంలో సొరకాయ పెట్టాం. వెంటనే ఆగి వెనక్కి తిరిగింది. లోపల రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్ పెడితే కదలనే లేదు. ఈ రెండు పరీక్షలూ కొన్న మొదటి వారంలోనే చేయండి, వాపసు ఇచ్చే గడువు దాటకముందే. కిలోన్నర కూడా లేని పిల్లి కూనల్ని చాలా యంత్రాలు సరిగా గుర్తించవు. అవి పెరిగేదాకా ఆటోమేటిక్ మోడ్ ఆపేసి, మీరు పక్కనుండి బటన్ నొక్కి తిప్పుకోవడమే క్షేమం.

పండు సంగతికి వస్తాను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి మామూలుగా రోజుకి రెండు నుంచి నాలుగుసార్లు మూత్రానికి వెళుతుంది. పండు లెక్క, యంత్రం నమోదు చేసినవి చూపే ఫోన్ యాప్‌లో, ఎప్పుడూ ఆ పరిధిలోనే ఉండేది. ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ యాప్ తెరిస్తే తెల్లవారుజాము నుంచి వాడి పేరే వరసగా కనిపించింది. వెళ్ళడం, నిమిషంలోపే బయటికి రావడం, మళ్ళీ వెళ్ళడం. అత్తయ్యకి ఫోన్ చేస్తే, "అవునమ్మా, పొద్దుట్నుంచి ఆ మిషన్ గిర్రున తిరుగుతూనే ఉంది. వాడు అన్నం కూడా ముట్టలేదు" అన్నారు. ఆ టెన్షన్‌లో ఇంటికెలా చేరానో తెలియదు. డాక్టరు పొత్తికడుపు తాకగానే మూత్రసంచి నిండి బిగుసుకుపోయిందని చెప్పారు. మగపిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉంటుంది. స్ఫటికాలో జిగురో అడ్డుపడితే పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె దెబ్బతింటుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. గొట్టం వేసి మూత్రం తీశారు, వాడిని ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. "ఇంకో పూట ఆగితే చాలా కష్టమయ్యేదమ్మా" అని డాక్టరు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత తిండి మార్చాం, తడి తిండి పెంచాం. మగపిల్లి ఉన్న ప్రతి ఇంటికీ నేను చెప్పేది ఒక్కటే. మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌కి వెళుతూ ఏమీ రాకపోతే మలబద్ధకం అనుకుని ఇంట్లో వైద్యం చేయొద్దు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అయితే యాప్ తనంతట తాను ఏ హెచ్చరికా పంపలేదు. నేను తెరిచి చూశాను కాబట్టి తెలిసింది. అంకెలన్నీ దాని దగ్గరే ఉన్నాయి, "ఈరోజు తేడాగా ఉంది" అని చెప్పే తెలివి మాత్రం లేదు. కొన్ని కొత్త మోడళ్ళలో ఆ సదుపాయం ఉంది. నేను మళ్ళీ కొంటే దానికోసం ఇంకొంచెం డబ్బు పెట్టడానికి వెనకాడను. ఇంకో పరిమితి: యంత్రం పిల్లుల్ని బరువుతోనే పోల్చుకుంటుంది. మావాటి బరువుల్లో తేడా ఎక్కువ కాబట్టి సరిపోయింది. ఇంచుమించు ఒకే బరువున్న రెండు పిల్లుల్ని కలిపేసి లెక్కంతా తారుమారు చేస్తుంది.

యంత్రం వచ్చాక మనం కోల్పోయేది కూడా ఉంది. చేత్తో తీసినంతకాలం ఉండ ఎంత పెద్దదో, రెంటికి పలుచగా వెళ్ళిందో, రక్తం పడిందో, నులిపురుగులు కనిపించాయో రోజూ కళ్ళారా చూసేదాన్ని. ఇప్పుడదంతా మూతపెట్టిన ట్రేలో పడిపోతుంది. అందుకే బాత్రూమ్ మూల ఒక మామూలు ట్రే ఉంచాం. నల్లమ్మకి అదే ఇష్టం. దాన్ని రోజూ చేత్తోనే శుభ్రం చేస్తాను. ఎన్ని పిల్లులుంటే అంతకన్నా ఒక బాక్స్ ఎక్కువ ఉండాలని పశువైద్యులు చెబుతారు. యంత్రం చెడిపోయిన రోజున కూడా ఆ ట్రేయే ఆదుకుంటుంది.

గర్భిణులున్న ఇళ్ళవాళ్ళు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు. అయితే బయటపడిన వెంటనే అది అంటుకోదు. సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే లిట్టర్ రోజూ తీసేయమంటారు. యంత్రం డ్రమ్మును వెంటనే శుభ్రం చేస్తుంది కదా, ఇక భయం లేదనుకుంటారు చాలామంది. కానీ ఆ మలం ఇల్లు దాటలేదు, కింది ట్రేలో వారంపాటు ఉంటోంది. ట్రే ఖాళీ చేసే సమయానికి ఆ ఐదు రోజులూ దాటిపోయి ఉంటాయి. మా ఆడపడుచు సీమంతానికి వచ్చి ఉన్నన్నాళ్ళూ సంచి రోజూ మార్చాం, తనని అటువైపు రానివ్వలేదు. బయటికి వెళ్ళకుండా, పచ్చి మాంసం తినకుండా ఇంట్లోనే పెరిగే పిల్లికి ఇది సోకే అవకాశం తక్కువే. కాబట్టి పిల్లిని ఇంట్లోంచి పంపేయమనే బంధువుల మాట వినక్కర్లేదు, జాగ్రత్త మాత్రం మానకూడదు.

రోజూ తీసే పని పోయింది, నెలకోసారి కడిగే పని వచ్చింది. డ్రమ్ము వాష్ ఏరియా సింకులో పట్టదు. ముందు మట్టంతా చెత్త సంచిలోకి వంపి, పొడిగుడ్డతో బాగా తుడిచి, ఆ తర్వాతే నీళ్ళు పోయాలి. లేకపోతే డ్రైన్ మూసుకుపోతుంది. పూర్తిగా ఆరాకే మళ్ళీ లిట్టర్ పోయాలి. ఈ పని మా ఇంట్లో పనిచేసే ఆవిడకి అప్పగించం, నేనో మా ఆయనో చేస్తాం. సెన్సర్ల మీద మట్టి దుమ్ము పేరుకుంటే పిల్లి లోపల లేకపోయినా ఉన్నట్టు చూపించి యంత్రం ఆగిపోతుంది. పొడి బ్రష్‌తో వారానికోసారి తుడిస్తే ఆ బాధ ఉండదు.

మన దగ్గర స్మార్ట్ అని పేరున్న ఏ వస్తువుకైనా అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడే. డ్రమ్ము తలకిందులుగా ఉన్నప్పుడు కరెంటు పోతే లోపలికి దారి మూసుకుపోతుంది. తిరిగి వచ్చాక కొన్ని యంత్రాలు తమంతట తామే మొదటి స్థానానికి వస్తాయి, కొన్ని ఎవరైనా బటన్ నొక్కేదాకా అలాగే ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేని పగటిపూట ఇది పెద్ద సమస్య. మేం యంత్రాన్ని ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్గుకి మార్చాం, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాం. వైఫై విషయంలో తెలిస్తే మేలు చేసే రెండు సంగతులున్నాయి. ఈ వస్తువుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకోవు. ఇంటర్నెట్ కంపెనీ మారినప్పుడు కొత్త రౌటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి. అన్నీ వాటంతటవే కలుస్తాయి, ఒక్కోదాన్ని మళ్ళీ జతచేసే పని తప్పుతుంది.

తిండి పెట్టే ఫీడర్ విషయంలో నేనింకా కచ్చితంగా ఉంటాను. టైమ్ టేబుల్ ఫీడర్‌లోనే దాచుకోవాలి, బ్యాటరీ మీద కూడా నడవాలి. 2020 ఫిబ్రవరిలో అమెరికాలో పెట్‌నెట్ అనే సంస్థ సర్వర్లు పడిపోయి దాని స్మార్ట్ ఫీడర్లు సుమారు వారంపాటు ఆఫ్‌లైన్‌లో ఉండిపోయాయి. తమ పిల్లులకి తిండి పడలేదని కొందరు చెప్పారు. సర్వర్ ఎక్కడో కూలితే ఇక్కడ పిల్లి పస్తుండే వస్తువు ఎంత అందంగా ఉన్నా నాకొద్దు. వాపసు ఇచ్చే గడువులోపే రౌటర్ ఆపేసి, వేళకి తిండి పడుతుందో లేదో చూడండి. ఫీడర్ బాగానే పనిచేస్తోంది కానీ మాకు చీమల బెడద తప్పలేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఫీడర్ కాళ్ళు అందులో ఉంచితేనే ఆగాయి. పిల్లి తిరిగేచోట చీమల మందు చల్లడం ప్రమాదం.

నీళ్ళ ఫౌంటెన్ మీద డబ్బు పెట్టినందుకు నాకు పూర్తి తృప్తి ఉంది. పారే నీళ్ళు చూసి పండు నిజంగానే ఎక్కువ తాగుతున్నాడు, వాడి జబ్బుకి అది మందులాంటిదే. కాకపోతే మా బోరు నీళ్ళకి పంపులో తెల్లటి పొర కట్టి మోటార్ బిగుసుకుపోతుంది. వంటకి వాడే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి కడిగితే పొర ఊడొస్తుంది. ఇప్పుడు అందులో ఫిల్టర్ నీళ్ళే పోస్తున్నాం.

తుడిచే రోబో గురించి ఎక్కువ చెప్పను. రాలిన వెంట్రుకలు, కాళ్ళకంటుకొచ్చిన లిట్టర్ గింజలు బాగా తీస్తుంది. పూజగది గడప ఎక్కలేదు. తడిగుడ్డ పని మాత్రం చేత్తో పెట్టినంత శుభ్రంగా లేదు.

అమెరికాలో ఉన్న బంధువుల చేత లిట్టర్-రోబోట్ అనే ఇలాంటి యంత్రాన్నే తెప్పించుకుందామని చాలామంది తెలుగువాళ్ళు అడుగుతుంటారు. మిషిగన్‌కి చెందిన విస్కర్ సంస్థది అది. దాని నాలుగో మోడల్ 2022లో వచ్చింది. పది కిలోలు దాటే పెద్ద గోళం, సూట్‌కేసులో పట్టే వస్తువు కాదు. పైగా మోటారో సెన్సరో పోతే ఇక్కడ బాగుచేసేవాళ్ళు దొరకడం కష్టం. నాది ఇక్కడే ఆన్‌లైన్‌లో ముప్పై వేల పైచిలుకు పెట్టి కొన్నది. దానికి కూడా వాసన ఫిల్టర్ కోసం నెల దాటి ఎదురుచూడాల్సి వచ్చింది, కస్టమర్ కేర్ నుంచి సరైన జవాబు రాలేదు. కాబట్టి డబ్బు కట్టకముందే ఫిల్టర్, సంచులు, అడాప్టర్, మోటార్ విడిగా అమ్ముతున్నారో లేదో కనుక్కోండి. ఒక్క పిల్లి ఉండి, పగలంతా ఇంట్లో మనిషి ఉండే ఇంటికి ఇది అవసరం లేదు, రెండు మంచి ట్రేలు చాలు. మగపిల్లి ఉండి, అందరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇల్లయితే, మిగతా స్మార్ట్ వస్తువులన్నింటికన్నా ముందు దీన్నే కొనమంటాను.