కాకి లెక్క కాదు: పక్షి పరిశీలన బృందంతో నాలుగు శరత్కాలాలు

హైదరాబాదు పడమటి శివార్లలో పనిచేసే ఒక పక్షి పరిశీలన, సంరక్షణ బృందంలో 2021 సెప్టెంబరులో చేరాను. అప్పటి నుంచి వరుసగా నాలుగేళ్లు, వినాయక నిమజ్జనం ముగిసిన నాటి నుంచి కార్తీకం వెళ్లేదాకా వాళ్లు చేపట్టిన పనుల్లో ఉద్యోగం అనుమతించినంత మేరకు పాల్గొన్నాను. చేరవచ్చా అని అడిగేవాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కష్టమవుతున్నందున నా అనుభవాన్ని ఇలా ఒకచోట రాస్తున్నాను. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల బృందం పేరు చెప్పడం లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. ఆదివారం ఉదయపు నడకల కోసమే అయితే ఈ బృందం లేకపోయినా గడిచిపోతుంది. చెరువు మీద పక్షులను లెక్కపెట్టే పని కోసమైతే తప్పకుండా చేరాలి.

శరత్కాలమే ఎందుకంటే, మన చెరువుల మీద ఏడాది మొత్తంలో ఎక్కువ మార్పు జరిగేది అప్పుడే. తొలకరితో వచ్చిన చాతక పక్షులు వెళ్లిపోతుంటాయి, ఉత్తరాది నుంచి వలస పక్షులు ఒక్కొక్కటిగా దిగుతుంటాయి. సెప్టెంబరులోనే గట్టు రాళ్ల మీద తోక ఆడిస్తూ గ్రే వ్యాగ్‌టెయిల్ కనిపిస్తుంది. దాని వెనుక గార్గనీలు, తరువాత షోవెలర్లు, పిన్‌టెయిళ్లు అనే వలస బాతులు వస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో గండిపేట చుట్టూ మిగిలిన గడ్డి మైదానాల మీద హారియర్ గద్దలు నేలకు బాగా దగ్గరగా ఎగురుతూ తిరుగుతాయి. బృందం పంచాంగమంతా ఈ రాకపోకలను బట్టే నడుస్తుంది. అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలకు బడిపిల్లలతో నడక, రెండో శనివారానికి అటూఇటూగా ప్రపంచమంతా ఒకే రోజున జరిగే అక్టోబరు బిగ్ డే లెక్కింపు, నవంబరు 12న పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జయంతి సందర్భంగా మరో లెక్కింపు, మధ్యలో ఒకసారి మంజీర అభయారణ్యానికో అనంతగిరికో ప్రయాణం. సలీం అలీ 1930ల తొలినాళ్లలో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు కాబట్టి, ఆయన జయంతిని ఇక్కడ జరుపుకోవడానికి ఇతర ప్రాంతాల కంటే మనకు కొంచెం ఎక్కువ హక్కే ఉందని నాకు అనిపిస్తుంది.

నేను గణాంక విభాగంలో ఉద్యోగం చేస్తాను. అంకెలంటే భయం లేదు. అయినా మొదటి లెక్కింపు రోజున నా పరువు పోయింది. ఒడ్డుకు దూరంగా నీళ్ల మీద నల్లగా తేలుతున్న గుంపును చూసి "ఒక మూడు వందలు ఉంటాయి" అన్నాను. పక్కనున్న సీనియర్ ఒకాయన ఏమీ అనకుండా బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, ఎడమవైపు చివర నుంచి సరిగ్గా పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకోమన్నారు. తరువాత అదే కొలతను ఒక చట్రంలాగా కుడివైపుకు జరుపుకుంటూ పోవాలి. అలా చేస్తే నూట పది దాటలేదు. పైగా వాటిలో సగం బాతులే కావు, బొల్లికోళ్లు. గుంపు ఎగురుతున్నప్పుడు పద్ధతి వేరు. ఒక కరెంటు స్తంభాన్ని గుర్తు పెట్టుకుని దాన్ని దాటినవాటిని మాత్రమే లెక్కించాలి. ఇదంతా చదివితే సులువుగానే ఉంటుంది. లెక్క సగంలో ఉండగా మార్ష్ హారియర్ ఒకటి తుంగ మీదుగా వచ్చిందంటే చెరువులో ఉన్నవన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఒక ఉదయం ఇలా మూడుసార్లు జరిగింది.

శరత్కాలంలో బాతులను గుర్తించడం మరింత చిక్కు. పుస్తకంలోని బొమ్మల్లో పోతుబాతులు రంగురంగులుగా ఉంటాయి, కానీ ఇక్కడికి వచ్చే వేళకు అవి ఆ ఈకలు రాల్చుకుని పెట్టబాతుల్లాగే మట్టిరంగులో ఉంటాయి. మొదటి ఏడాది నేను అన్నిటినీ పెట్టలనే అనుకున్నాను. రంగును వదిలేసి ముక్కును చూడమని నేర్పింది ఈ బృందమే. షోవెలర్ ముక్కు చివర గరిటెలాగా వెడల్పుగా ఉంటుంది, ఈత కొడుతూ ఆ గరిటెతో నీటిని వడగడుతుంది. ఎంత దూరంలో ఉన్నా ఆ తల వాలు చూసి పోల్చుకోవచ్చు. ఉల్లంకుల్లాంటి చిన్న పక్షుల దగ్గర గ్రీన్ సాండ్‌పైపర్‌కూ వుడ్ సాండ్‌పైపర్‌కూ తేడా తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. వీపు మీద చుక్కలు స్పష్టంగా, కనుబొమ గీత పొడవుగా ఉంటే రెండోది. ఎగిరినప్పుడు రెక్కల అడుగు నల్లగా, తోక మొదలు తెల్లగా మెరిస్తే మొదటిది.

లెక్కను ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయడంలో వీళ్ల క్రమశిక్షణ నాకు బాగా నచ్చింది. ఎన్ని గంటలకు మొదలుపెట్టాం, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం అన్నవి తప్పనిసరిగా రాయాలి. అరుదైనవాటిని ఏరి రాయకూడదు; కాకి, మైనా, పావురంతో సహా గుర్తుపట్టినవన్నీ రాయాలి. పోల్చుకోలేనిదాన్ని ఊహించి పేరు పెట్టకుండా "ఏదో ఒక బాతు" అని నమోదు చేసే వీలు ఉంది, ఆ వీలును సిగ్గుపడకుండా వాడుకోమంటారు. కాకి లెక్కలు అన్న మాటను పనికిరాని లెక్కకు మన భాషలో ఎందుకు వాడతామో తెలియదు గానీ, ఇక్కడ కాకుల లెక్క కూడా పకడ్బందీగానే ఉంటుంది. ఒకసారి నేను పిన్‌టెయిళ్లు 1,200 అని రాస్తే, ఆ సంఖ్య ఎలా వచ్చిందో వివరించమని యాప్ తరఫున పరిశీలించే వాలంటీరు నుంచి ఉత్తరం వచ్చింది. మళ్లీ ఆలోచించుకుంటే అంచనా వేసేటప్పుడు పదుల చట్రాన్ని నేను వదులుగా పట్టుకున్నానని అర్థమై, దాన్ని సవరించాను. ఆఫీసులో ఆడిట్ అభ్యంతరం వస్తే కలిగే చిరాకు అప్పుడు కలగలేదు.

ఈ శ్రమకు ఫలితం ఉంటుందా అని రెండో ఏడాది నాకు గట్టి అనుమానమే వచ్చింది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక చూశాక అది తీరింది. దాదాపు 30,000 మంది పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్లకు పైగా వివరాల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. వాటిలో 178 జాతులకు సంరక్షణ అత్యవసరమని తేల్చారు. సంఖ్య తగ్గుతున్నందువల్ల ప్రపంచస్థాయిలో మళ్లీ మదింపు చేయాలని సూచించిన పక్షుల్లో మన పాలపిట్ట ఒకటి. ఊళ్లో ప్రతి తీగ మీదా ఉండే పక్షి తగ్గిపోతోందని ఎవరి కంటికీ ఆనదు. ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి మామూలు పక్షులను కూడా రాసుకున్నవాళ్ల పట్టికల్లోనే అది బయటపడుతుంది.

పాలపిట్ట ప్రస్తావన వచ్చింది కాబట్టి దసరా గురించి చెప్పాలి. పాండవులు జమ్మిచెట్టు మీది ఆయుధాలు తీసుకుని వెళ్తుండగా పాలపిట్ట కనిపించిందని, ఆ రోజు దాన్ని చూస్తే శుభమని మనవాళ్ల నమ్మకం. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి కూడా. కానీ ఊరు నగరమయ్యాక పక్షిని వెతుక్కుంటూ పొలానికి వెళ్లే తీరిక ఎవరికీ లేకపోవడంతో, పక్షినే పట్టి గుడి దగ్గరకు తెచ్చేవాళ్లు తయారయ్యారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2022 దసరా నాడు మా నలుగురికి ఒక గుడి దగ్గర కాపలా పని అప్పగించారు. ఉదయం తొమ్మిది గంటల వేళ ఒకతను తువ్వాలు కప్పిన బుట్టతో వచ్చి, 20 రూపాయలు ఇచ్చినవాళ్లకు తువ్వాలు ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. లోపల పక్షి నోరు తెరిచి రొప్పుతోంది. రెక్కల పెద్ద ఈకలను కలిపి నల్లదారంతో కట్టేశారు. కడుపు దగ్గరి ఈకలు జిగురుతో అట్టలు కట్టాయి. ఎగిరితే ఆకాశం ముక్కలా మెరిసే ఆ నీలం రంగు ఎక్కడా కనిపించలేదు.

అతనితో గొడవ పెట్టుకోవద్దని, పక్షిని లాక్కోవద్దని, అక్కడికక్కడే విడిచిపెట్టవద్దని మాకు ముందే గట్టిగా చెప్పి ఉన్నారు. జిగురు అంటిన పక్షిని వదిలితే ఎగరలేక కుక్కల పాలవుతుంది. ఒకరు అటవీ శాఖకు ఫోన్ చేశారు, మిగతావాళ్లం జనంతో మాట్లాడాం. ఒక పెద్దావిడ నా మీద కోప్పడింది.

"పాలపిట్టను జూస్తే పుణ్యమే గద బిడ్డా, గిండ్ల తప్పేంది?"

నాకు జవాబు తోచలేదు. నాతో వచ్చిన మరో సభ్యురాలు ఆవిడ చెయ్యి పట్టుకుని, "తప్పేం లేదు పెద్దమ్మా, ఎగిరేటప్పుడు జూస్తే పుణ్యం. రెక్కలు కట్టేసినంక జూస్తే దాని ఉసురు మనకు తగుల్తది" అంది. పెద్దావిడ బుట్ట వైపు మరోసారి చూసి, చేతిలోని నోటును కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లిపోయింది. సిబ్బంది వచ్చేసరికి గంటన్నర పట్టింది. వాళ్లు పక్షిని చికిత్సకు తీసుకెళ్లారు. అది బతికిందో లేదో తరువాత మాకెవరూ చెప్పలేదు, బృందం కూడా ఆరా తీయలేదు. ఈ విషయంలో వాళ్ల మీద నాకు ఇప్పటికీ అసంతృప్తి ఉంది. మరుసటి ఏడాది నుంచి దసరా ఉదయం కుటుంబాలను శంకరపల్లి వైపు పొలాల దగ్గరకు తీసుకెళ్లి, తీగల మీద కూర్చుని మిడతల కోసం దూకే పాలపిట్టలను చూపించే కార్యక్రమం పెట్టారు. కాపలా కంటే ఇదే మేలైన ఆలోచన అని నా నమ్మకం. మా అత్తగారు మొదటిసారి నాతో వచ్చిన పక్షుల నడక కూడా అదే.

చెరువు శుభ్రం చేసే కార్యక్రమాల గురించి ఇంత మంచిగా చెప్పలేను. నిమజ్జనం తరువాత జరిగేదానికి ఏటా వందమంది వస్తారు, బ్యానరు ముందు ఫొటో దిగుతారు, పదిన్నరకు ఎండ ఎక్కగానే వెళ్లిపోతారు. పోగుచేసిన సంచులు వారం దాటినా గట్టు మీదే ఉన్న సంవత్సరం ఒకటి ఉంది. కుక్కలు వాటిని చింపడంతో చెత్త తిరిగి నీళ్లలోకే చేరింది. సద్దుల బతుకమ్మ మర్నాడు జరిగేది చిన్నది, పదిమందికి మించరు, కానీ పని తెలిసినవాళ్లు. తంగేడు, గునుగు, బంతిపూలను నీళ్లలోనే ఉంచి ప్లాస్టిక్ పళ్లేలు, కవర్లు మాత్రమే ఏరుతాం. పూలు చెరువువే, చెరువుకే పోతాయి.

అన్నిటికంటే ఉపయోగపడిన పని తెగిన వలలు తీయడం. సన్నని నైలాన్ వల ముక్క తుంగలో చిక్కుకుంటే మనిషి కంటికి కనిపించదు, మునిగి చేపలు పట్టే నీటికాకికి అంతకంటే కనిపించదు. 2023 నవంబరులో అలా చిక్కిన ఒకదాన్ని మత్స్య సహకార సంఘం పెద్దమనిషి తెప్ప మీద ఒడ్డుకు తెచ్చి, ముక్కు తగలకుండా తలపై తువ్వాలు వేసి, చిన్న కత్తితో మెడ దగ్గరి పోగులు ఒక్కొక్కటిగా కోశాడు. మేము నలుగురం చదువుకున్నవాళ్లం, కత్తెర కూడా లేకుండా వెళ్లాం. ఆ రోజు నుంచి వల ముక్కలను గట్టు మీది వేపచెట్టు కింద ఒకచోట వేయించి ఆయనే మాకు కబురు చేస్తున్నాడు. గుర్రపు డెక్క తొలగింపు ఎప్పుడు జరుగుతుందో కూడా ఆయన ద్వారానే తెలుస్తుంది. జాలర్లతో ఇలాంటి సంబంధం బృందానికి పదేళ్ల ముందే ఏర్పడి ఉండాల్సింది.

ఇక ఫిర్యాదులు. ఆదివారపు నడకలను పెద్ద కెమెరాలవాళ్లు ఆక్రమించేశారు. పక్షిని రప్పించడానికి ఫోనులో దాని కూత వినిపించడం నిషేధమని నియమావళిలో ఉంది, అయినా సీనియర్లే ఆ పని చేయగా నా కళ్లారా చూశాను. అడిగితే "ఒక్కసారే కదా మేడం" అన్నారు. గుడ్లగూబ ఉండే చెట్టు ఆచూకీని వాట్సాప్‌లో పెట్టడంతో మూడు రోజుల పాటు అక్కడ జాతర జరిగింది, తరువాత ఆ పక్షి మళ్లీ ఆ కొమ్మ మీద కనిపించలేదు. ఉదయం అయిదింటికి బయల్దేరే ప్రయాణాల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందన్నది ముందుగా చెప్పాలని మూడేళ్లు పోరాడితే కిందటి ఏడాది నుంచి చెబుతున్నారు. మాటామంతీ అంతా ఇంగ్లీషులో సాగడం వల్ల బడిపిల్లల నడకల్లో సగం చెప్పింది పిల్లలకు అందదు. లకుముకి పిట్ట అంటే వెంటనే తెలిసే పిల్లవాడికి కింగ్‌ఫిషర్ అని చెప్పి, మళ్లీ దాన్ని వివరించాల్సిన అవసరం ఏమిటో నాకు బోధపడదు.

ఖర్చు విషయానికి వస్తే, సభ్యత్వం ఏడాదికి 500 రూపాయలు, ప్రయాణాల పెట్రోలు పంచుకుంటారు. బైనాక్యులర్స్ మొదటి ఏడాది అరువు తెచ్చుకోవచ్చు. తరువాత కొంటే 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పున్నవి) తీసుకోండి. ఎనిమిది రెట్లకు మించి పెద్దగా చూపించేది కొంటే చేతి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. నేను మొదట కొన్న 12 రెట్లది అలమరలో ఉంది.

నాకు అప్పగించిన చెరువును ఇప్పుడు పదిహేను రోజులకొకసారి ఉదయం ఆరున్నరకు గంటసేపు లెక్కపెడుతున్నాను. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు ఇదే సాధన. మొదట్లో ఆ మత్స్య సంఘం పెద్దమనిషి "పిట్టల లెక్క దీసి ఏం జేస్తరమ్మా?" అని నవ్వేవాడు. కిందటి నవంబరులో మాత్రం గట్టు దిగుతుండగా తనే ఆపి, ఎన్ని వచ్చాయని అడిగాడు. షోవెలర్లు 212 అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, తెప్ప ఎక్కమని, అవతలి గట్టు దగ్గర తుంగ వెనుకకు తీసుకెళ్లాడు. ఒడ్డు నుంచి ఏ మూల నిలబడ్డా కనిపించని ఆ నీళ్లలో ఇంకో 31 ఉన్నాయి.