కామెంట్ లైన్ మొదట్లోనా, విలువ పక్కనా?

గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం) కాన్ఫిగ్ ఫైల్లో, అంటే దాని సెట్టింగులు ఉండే ఫైల్లో, ఒక రంగు విలువగా #336699 అని కోట్స్ లేకుండా రాస్తే అది ఖాళీగా మిగులుతుంది, ఎందుకంటే అక్కడ # గానీ ; గానీ కనబడిన చోటు నుంచి లైన్ చివరిదాకా అంతా కామెంటే, అంటే ప్రోగ్రామ్ పట్టించుకోని వ్యాఖ్యే. పైథాన్ 3 కాన్ఫిగ్‌పార్సర్ (సెట్టింగుల ఫైళ్లను చదివే మాడ్యూల్) అలా కాదు. మనం ఏమీ మార్చకపోతే లైన్ మొదట్లో ఉన్న గుర్తునే కామెంట్‌గా చూస్తుంది, రంగు భద్రం. కానీ "గడువు = 30 # సెకన్లు" అని రాశారా, ఆ "# సెకన్లు" కూడా విలువలోకి వచ్చేస్తుంది, దాన్ని పూర్ణాంకంగా అడగ్గానే ఎర్రర్.

నాకు ఈ పైథాన్ పద్ధతే నయం. ఎర్రర్ వస్తే వెంటనే దిద్దుకుంటాం, అదే గిట్ పద్ధతిలో # ఉన్న పాస్‌వర్డ్ చప్పుడు లేకుండా సగానికి తెగిపోతే లాగిన్ ఎందుకు అవట్లేదో తెలియక రాత్రంతా టెన్షన్. యామల్ అనే మరో సెట్టింగుల ఫార్మాట్‌లో విలువ పక్కన # రాస్తే దాని ముందు ఖాళీ ఉంటేనే కామెంట్, కానీ ఆ ఒక్క స్పేస్ కంటికి ఆనదు.