బయాథ్లాన్ ప్రపంచ పోటీల్లో ఒక్కటే చూడాలంటే ఏది మేలు?

బయాథ్లాన్ అంటే మంచు మీద స్కీలతో పరుగు తీస్తూ, మధ్యమధ్యలో ఆగి తుపాకీతో గురి చూసి కాల్చే ఆట. ఒంగోలులో మా స్నేహితులకి దాన్ని అలవాటు చేసింది నేనే. అందుకని చలికాలం వచ్చేసరికి అందరూ నన్నే పట్టుకుంటారు. "అన్నా, ప్రపంచ ఛాంపియన్‌షిప్ అంటే పది రోజుల పైమాటే. రోజూ టీవీ ముందు కూర్చోలేం. ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటావ్?" ఈసారి ఛాంపియన్‌షిప్ 2027లో, ఎస్టోనియాలోని ఓటెపాలో. ఇప్పుడే చెప్పేస్తున్నాను, మళ్లీ ఒక్కొక్కరికీ విడిగా చెప్పే పని ఉండదు.

చాలామంది పర్‌స్యూట్ చూడమంటారు. అందులో న్యాయం ఉంది. అంతకుముందు జరిగే స్ప్రింట్ అనే పొట్టి పోటీలో ఎన్ని సెకన్లు వెనకబడ్డారో పర్‌స్యూట్‌లో అన్ని సెకన్లు ఆలస్యంగా బయల్దేరతారు కాబట్టి, గీత ముందు దాటినవాడే విజేత. లెక్కలతో పనిలేదు. చివరిసారి నిలబడి కాల్చేటప్పుడు చూడాలి. ముగ్గురు వెనకావెనకే వచ్చి పక్కపక్క లేన్లలో నిలబడతారు. రొప్పుకి ఛాతీ ఎగిసిపడుతుంటుంది, తుపాకీ గొట్టం కొస ఊగుతుంటుంది. యాభై మీటర్ల దూరంలో నల్ల చుక్కలు ఒక్కొక్కటే తెల్లబడతాయి. ఒకడికి ఐదో చుక్క నల్లగానే మిగిలిపోతుంది. తప్పిన తూటాకి శిక్షగా వాడు 150 మీటర్ల పెనాల్టీ లూప్‌లోకి తిరుగుతుంటే మిగతా ఇద్దరూ ముందుకు వెళ్లిపోతారు. బయాథ్లాన్ ఎప్పుడూ చూడనివాళ్లకి కూడా ఆ క్షణంలో ఏం జరిగిందో అర్థమైపోతుంది. నాకున్న అభ్యంతరం ఒకటే. స్ప్రింట్ రోజున ఒకడు కాల్చేటప్పుడు గాలి విసిరికొడితే, ఆ నష్టాన్ని పర్‌స్యూట్‌లో కూడా వాడే మొయ్యాలి.

మాస్ స్టార్ట్‌లో ఆ బాధ లేదు. 30 మందీ ఒకేసారి కదులుతారు. 2014 సోచి ఒలింపిక్స్‌లో నార్వే స్వెన్సెన్, ఫ్రాన్స్ ఫుర్కాడ్ ఇద్దరూ ఒకేసారి గీత మీదికి వస్తే ఫొటో చూసి స్వెన్సెన్‌కి స్వర్ణం ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత ప్యోంగ్‌చాంగ్‌లో అదే ఫుర్కాడ్ జర్మనీ షెంప్ మీద అలాగే ఫొటోతోనే గెలిచాడు. అనుకున్నది తలకిందులయ్యే పోటీ కూడా ఇదే. 2023 ఓబర్‌హోఫ్ ఛాంపియన్‌షిప్‌లో నార్వే యోహానెస్ బో దిగిన ఏడు పోటీల్లోనూ పతకం తెచ్చుకున్నాడు, వాటిలో ఐదు స్వర్ణాలు. మాస్ స్టార్ట్‌లో మాత్రం స్వీడన్ కుర్రాడు సామ్యూల్సన్ గెలిచాడు, బోకి కాంస్యమే దక్కింది.

ఇంత చెప్పినా నేను చూడమనేది ఇండివిడ్యువల్‌నే. మగవాళ్లకి 20 కిలోమీటర్లు, ఆడవాళ్లకి 15. ఒక్కొక్కరే బయల్దేరతారు, నాలుగుసార్లు కాలుస్తారు. లూప్ ఉండదు. గురి తప్పిన ప్రతి తూటాకీ ఒక నిమిషం కలుపుతారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఆ నిమిషమే. లూప్ చుట్టి రావడానికి మంచి స్కీయర్‌కి పాతిక సెకన్లు చాలు. కాళ్లలో సత్తా ఉంటే ఆ పాతికని రాబట్టుకోగలడు, అందుకే మిగతా పోటీల్లో తూటా కొంచెం చవక. ఇక్కడ దాని ఖరీదు రెండింతలు దాటింది. పరుగుకీ గురికీ సమానంగా విలువ కట్టే పోటీ నాకైతే ఇదొక్కటే కనిపిస్తుంది. పైగా ఈ ఆటకి ఇదే మూలం. 1958లో ఆస్ట్రియాలోని జాల్‌ఫెల్డెన్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు ఒంటరిగా పోటీపడే రేసు ఈ 20 కిలోమీటర్లదే. 1960లో ఒలింపిక్స్‌కి వచ్చినప్పుడైతే తప్పిన తూటాకి రెండు నిమిషాలు వేసేవారు. స్వీడన్ క్లాస్ లెస్టాండర్ అందరికన్నా వేగంగా వెళ్లినవాడేం కాదు, కానీ 20కి 20 కొట్టాడు. స్వర్ణం అతనిదే.

కాళ్ల బలం అక్కరకు రాదనుకోకండి. 2018 ప్యోంగ్‌చాంగ్‌లో ఫుర్కాడ్ స్వర్ణం దాకా వచ్చి చివరి రెండు తూటాలు తప్పాడు. అక్కడితో పోయింది. ఒక్కటీ తప్పని స్లొవేనియా ఫాక్ కన్నా, రెండు తప్పిన బో 5.5 సెకన్ల ముందు నిలిచాడు. అంటే 20 కిలోమీటర్లలో రెండు నిమిషాలకి పైగా కాళ్లతోనే సంపాదించాడు.

"ఒక్కొక్కడే పోతుంటే ఎవడు ముందున్నాడో ఏం తెలుస్తుంది, విసుగు" అంటారు మావాళ్లు. ఆ మాట ఒంగోలు వాళ్ల నోట వస్తే నేను ఒప్పుకోను. బండలాగుడు పోటీల్లో జతలన్నిటినీ ఒకేసారి కడతామా? ఒక్కో జత విడిగా దిగుతుంది, ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అన్ని. మా నాన్న సంక్రాంతికి మద్దిపాడు వైపు పల్లెలకి నన్ను తీసుకెళ్లేవాడు. క్యాలెండర్ కాగితం వెనక ఒక్కో జత లాగిన అడుగులూ అంగుళాలూ రాసుకునేవాడు. మైకులో లెక్క చదివేదాకా పెన్సిల్ పైకెత్తి పట్టుకునేవాడు. బరిలో ఉన్నది ఒక్క జతే అయినా, ఆ కాగితం మీద అన్ని జతలూ పోటీపడుతుండేవి. ఇండివిడ్యువల్‌ని నేను అలాగే చూస్తాను, కాగితం దగ్గర పెట్టుకుని.

స్ప్రింట్‌లో కాల్చేది రెండుసార్లే, పర్‌స్యూట్ చూసేవాళ్లకి దాని ఫలితం తెలిస్తే సరిపోతుంది. రిలే ఇంటిల్లిపాదీ చూడదగ్గది. కాల్చే ప్రతిసారీ మూడు అదనపు తూటాలు ఉంటాయి కాబట్టి తప్పినా ఆశ మిగులుతుంది, నాకు అదే నచ్చదు. ఒక మగ, ఒక ఆడ జట్టుగా దిగే సింగిల్ మిక్స్‌డ్ రిలే వదిలేసినా పర్వాలేదు.

మధ్య యూరప్‌లో మధ్యాహ్నం రెండున్నర అంటే చలికాలంలో మనకి రాత్రి ఏడు. ఓటెపాలో అయితే అదే టైము మనకి ఆరు. కాగితం మీద ఓ పదిమంది పేర్లు రాసుకుని, పక్కన నాలుగు గళ్లు గీసుకోండి. తప్పిన ప్రతి తూటాకీ ఒక నిలువు గీత. ముందుగా బయల్దేరినవాడు మంచి టైముతో పూర్తిచేస్తే, కెమెరా మాటిమాటికీ వాడి మీదికి వెళుతుంది. ఇంకా సగం మంది మంచులోనే ఉంటారు. వాడు చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. తన వంతు అయిపోయాక ఎడ్ల మెడ మీద చెయ్యేసి, తర్వాతి జతనే చూస్తూ నిలబడే రైతుని మీరు చూసే ఉంటారు. ఆ ముఖమే అక్కడా కనిపిస్తుంది.