మారతహళ్లిలో ఫైబర్ కనెక్షన్: లైను మంచిదే, దానితో ఇచ్చే సరంజామా వద్దు

బెంగళూరులో మారతహళ్లి, కుందలహళ్లి, బెళ్లందూరు వైపు అద్దె ఇల్లు వెతుక్కునే మన తెలుగువారు నీళ్ల గురించి, పార్కింగ్ గురించి ఆరా తీసినంత శ్రద్ధగా ఇంటర్నెట్ గురించి ఆరా తీయరు. అపార్ట్‌మెంటు సంఘం ఏ కంపెనీని లోపలికి రానిస్తే ఆ కంపెనీయే దిక్కన్న సంగతి సామాను దించాక గాని తెలియదు. మా భవనంలో రెండు కంపెనీలకే అనుమతి ఉంది. వాటిలో స్థానిక కేబుల్ ఆపరేటర్ ద్వారా వచ్చే 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్‌ను ఏడాదికి పైగా వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పక్క ఫ్లాట్లలో రెండో కంపెనీ కనెక్షన్ వాడుతున్నవారు చెప్పే ఇబ్బందులు కూడా దాదాపు ఇవే కనుక పేరు రాయడం లేదు.

ముందు లైను సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో పెద్దగా వంక పెట్టడానికి లేదు. నెలకు 799 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 943 అవుతుంది. ఆరు నెలల సొమ్ము ముందే కడితే ఇన్‌స్టలేషన్ చార్జీ తీసుకోరు. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి చూస్తే పగటిపూట 94 ఎంబీపీఎస్ దాకా వస్తుంది, ఆ పోర్టు సామర్థ్యమే 100 కనుక అంతకుమించి ఆశించలేం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లే కాబట్టి, డౌన్‌లోడ్ విండోలో 11, 12 అన్న అంకెలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రుల్లో వేగం పడిపోతుంది. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో, ఆపరేటర్ వైపున్న ఒక పోర్టు నుంచి వచ్చే సుమారు 2.5 జీబీపీఎస్‌ను స్ప్లిటర్‌తో సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. అన్ని ఇళ్లలోనూ హెచ్‌డీలో మ్యాచ్ చూసినా అది సరిపోవాలి కనుక, ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్‌లోనే ఇరుకు ఉందని నా అంచనా. "అన్‌లిమిటెడ్" అన్నదానికి నెలకు 3300 జీబీ హద్దు ఉంది. రోజుకు 110 జీబీ అంటే మామూలు కుటుంబం దాని దరిదాపులకు కూడా వెళ్లదు. దాటితే వేగం 2 ఎంబీపీఎస్‌కు దిగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగాన్ని 2023లో ప్రభుత్వం 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది కనుక, కాగితం మీద అది కూడా బ్రాడ్‌బ్యాండే!

అసలు విసుగు రౌటర్‌తో మొదలవుతుంది. కంపెనీ ఉచితమని ఇచ్చే రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో మాత్రమే పనిచేస్తుంది. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీదొకటి పడని చానెళ్లు 1, 6, 11 అని మూడే ఉంటాయి. మా హాల్లో నిలబడి చూస్తే ఫోన్‌లో కనిపించే నెట్‌వర్క్‌ల జాబితా ఒక స్క్రీన్‌లో పట్టదు. చానెల్ మార్చుకుందామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ మనకు ఇవ్వరు, ఎందుకంటే టీఆర్-069 అనే పద్ధతిలో కంపెనీయే దూరం నుంచి రౌటర్‌ను నడిపిస్తుంది. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన టెక్నీషియన్‌ను అడిగితే, "అది మా చేతుల్లో లేదు సార్, బ్యాక్ఎండ్ వాళ్లు చేయాల" అన్నాడు. బ్యాక్ఎండ్ వారిని అడిగితే, రౌటర్‌ను రీస్టార్ట్ చేయమన్నారు. చివరికి ఐదు గిగాహెర్ట్జ్ కూడా ఉన్న రౌటర్‌ను నేను కొని, కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే లైనును నా రౌటర్‌కు అందించడం మాత్రమే చేసేలా, పెట్టించుకున్నాను. అయితే ఈ కనెక్షన్‌లో మ్యాక్ బైండింగ్ ఉంది, అంటే నమోదైన రౌటర్ గుర్తింపు సంఖ్య (మ్యాక్ అడ్రస్)కే లైను పనిచేస్తుంది కనుక రౌటర్ మార్చిన ప్రతిసారీ ఫోన్ చేసి కొత్త మ్యాక్ అడ్రస్ నమోదు చేయించుకోవాలి, ఆ నమోదు పగటిపూట మాత్రమే జరుగుతుంది. ఇన్ని తిప్పలు పడ్డాక వైఫై పడకగది దాకా సవ్యంగా అందుతోందన్నది నిజం.

ప్లాన్‌తో పాటు అంటగట్టే సాఫ్ట్‌వేర్ ఇంతకన్నా చికాకు. కనెక్షన్ ఇచ్చిన రోజునే టెక్నీషియన్ "మీ ల్యాప్‌టాప్‌లో సెక్యూరిటీ ఫ్రీగా వేస్తా" అంటాడు. వేశాక బ్రౌజర్‌లో సెర్చ్ పేజీ మారిపోయింది, కుడివైపు కింద వీపీఎన్ కొనమని, కంప్యూటర్ శుభ్రం చేస్తామని వరుసగా ప్రకటనలు మొదలయ్యాయి, ఉచిత గడువు తీరగానే కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ డబ్బు కట్టమన్న హెచ్చరిక వచ్చేది. విండోస్‌తోనే డిఫెండర్ అనే యాంటీవైరస్ వస్తుంది. మరొక యాంటీవైరస్ పెట్టగానే అది తప్పుకుంటుంది. అంటే అప్పటికే పనిచేస్తున్న కాపలాను పక్కకు పంపి, జీతం అడిగే కాపలాదారుణ్ణి పెట్టుకున్నట్టు. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే కొన్ని శేషాలు మిగులుతాయి, వాటికి ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారే ఇచ్చే తొలగింపు టూల్ వేరేగా దించుకోవాలి. కంప్యూటర్లతో వచ్చే ఇలాంటి కొసరు సాఫ్ట్‌వేర్ చికాకుతోనే ఆగుతుందని నమ్మకం కూడా లేదు. 2014 చివర్లో, 2015 మొదట్లో లెనోవో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే ఉండేది. ఏ వెబ్‌సైట్ అసలైనదో కంప్యూటర్ తేల్చుకోవడానికి ఆధారమైన రూట్ సర్టిఫికెట్ల మధ్య అది తన సొంతదాన్ని, అన్ని యంత్రాల్లోనూ ఒకే రహస్య కీతో పెట్టినందున, బ్యాంకు వెబ్‌సైట్ల భద్రతకు కూడా ముప్పు వచ్చింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఆ కంపెనీ రాజీ చేసుకోవాల్సి వచ్చింది.

ఆపరేటింగ్ సిస్టమ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో అదీ ఇంటర్నెట్ లైనూ ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. విండోస్ 11 హోమ్ సెటప్ మామూలుగా ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ రెండూ ఉంటే గాని ముందుకు సాగదు. కొత్త ఇంట్లో లైను పడకముందే కొత్త ల్యాప్‌టాప్ తెరిచే వారు ఫోన్ హాట్‌స్పాట్‌ను సిద్ధంగా ఉంచుకోవడం మేలు. తర్వాత వన్‌డ్రైవ్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు క్లౌడ్‌కు ఎక్కడం మొదలవుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే కనుక త్వరలోనే నిండిందన్న సందేశం వస్తుంది. వీడియో కాల్ మాటిమాటికీ తెగుతుంటే లైనును తిట్టేముందు ఈ అప్‌లోడ్ నడుస్తోందేమో చూడాలి. సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అన్న చోట, అప్‌డేట్లను బయటి కంప్యూటర్లతో పంచుకునే ఏర్పాటు ఉంటే దాన్ని కూడా తీసేయవచ్చు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినందున, విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ లేని మా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాను. ఆ తర్వాత ఒకసారి లైను పోయినప్పుడు, కస్టమర్ కేర్ వారు విండోస్ ఉన్న కంప్యూటర్‌లో చూసి ఫోన్ చేయమన్నారు. రౌటర్ మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతోందని, అంటే ఫైబర్‌లో కాంతే రావడం లేదని ఎంత చెప్పినా వినలేదు.

లైను పోవడమంటే ఇక్కడ ఎక్కువగా రోడ్డు తవ్వకాల్లో కేబుల్ తెగడమే. చెట్ల మీద, స్తంభాల మీద వేలాడే కేబుళ్లు వానకు, లారీలకు కూడా బలవుతుంటాయి. మా వీధి ఆపరేటర్ మనుషులు ఆ రాత్రికో మర్నాటికో వచ్చి అతికిస్తారు, ఈ విషయంలో వారిని మెచ్చుకోవాలి. మెచ్చుకోలేనిది, పని జరగకముందే "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని వచ్చే ఎస్ఎంఎస్. అప్పుడు పాత ఫిర్యాదు నంబరును పట్టుకుని కంపెనీ అప్పీలు విభాగానికి రాయాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఆరిపోయి, మళ్లీ లేవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవడం ఇంకో బాధ. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొంటే అది తీరిపోతుంది, ఎందుకంటే ఆపరేటర్ గది నుంచి మన ఇంటి దాకా మధ్యలో ఉన్న స్ప్లిటర్లకు కరెంటు అవసరం లేదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఇక్కడి మన ఇంటి సీసీటీవీని నేరుగా ఐపీ అడ్రస్‌తో చూడాలంటే మాత్రం కుదరదు. సీజీనాట్ అనే ఏర్పాటు కింద ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటారు, మనకే సొంతంగా ఉండే స్టాటిక్ ఐపీకి వేరుగా కట్టాలి.

వీటన్నిటి తర్వాత కూడా కనెక్షన్ మార్చలేదు, ప్లాన్ మార్చాను. ఓటీటీలు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్, ఉచిత రౌటర్ ఏవీ లేకుండా అదే 100 ఎంబీపీఎస్ 599 రూపాయలకు, జీఎస్టీతో 707కు దొరుకుతోంది. కంపెనీ యాప్‌లో అది కనిపించదు, వీధి చివర ఆపరేటర్ ఆఫీసుకు వెళ్లి అడిగితేనే ఇస్తారు. అక్కడ కట్టేవారు వాట్సాప్ రసీదుతో సరిపెట్టుకోకుండా కంపెనీ జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోవాలి. అప్పీలుకు కావలసిన ఖాతా సంఖ్య అందులోనే ఉంటుంది.